ఎన్నుకొను చదువు

మామిడితోటను పూతమీద గుత్తకు తీసికొనువాడు పూత చూచును, నేల చూచును, నీటి వసతి చూచును, గడచిన యేండ్ల కాపు విచారించును, పొరుగు తోటవాని నడుగును. అప్పటికిని సంశయము తీరకున్న మరియొక దినము గడువు కోరును. మా తిరువూరు ప్రాంతమున నిది యందరెరిగిన సంగతియే. ఒక్క కాపునకు సంబంధించిన వ్యవహారమున నింత విచారణ చేయు గృహస్థులు, ముప్పదియేండ్లు పాఠము చెప్పవలసిన తమ బిడ్డ యే విద్యను ఏ పాళ్లలో నేర్వవలెనో నిర్ణయించుటకు మాత్రము పది నిమిషములు చాలునని యెంచుదురు. దరఖాస్తునకు చివరి దినమున, నెట్ సెంటరులో, వెనుక నిలిచినవారు తొందర చేయుచుండగా, ఆ నిర్ణయము జరిగిపోవుచుండును. ఆ పది నిమిషములను గురించియే మేమిచ్చట నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మా యూరు 2022 వరకు కృష్ణాజిల్లాలోను, అటు తరువాత ఎన్.టి.ఆర్. జిల్లాలోను చేరియున్నది. తెలంగాణ సరిహద్దు సమీపముననే కలదు. కనుక మా పిల్లలు కొందరు విజయవాడకును, కొందరు సత్తుపల్లి, మధిర, ఖమ్మముల వైపునకును చదువులకై పోవుదురు. బి.యెడ్. చదువగోరు బాలికలు మా యింటికి వచ్చి సలహా యడుగుట కలదు. వారు వేయు మొదటి ప్రశ్న యెన్నడును “ఏది మంచిది?” అనునది కాదు, “ఏది తేలిక?” అనునదియే. ఇందుకు వారిని నిందింప బనిలేదు. ఎన్నుకొనుట యనునది వారి కెవరును నేర్పలేదు. చీర రంగు మొదలు పెండ్లి సంబంధము వరకు ఇతరు లెన్నుకొనగా స్వీకరించిన బాలికకు, విశ్వవిద్యాలయము హఠాత్తుగా ఒక పట్టిక చేతికిచ్చి “ఇందులో నీకు కావలసినది గుర్తింపుము” అనినచో, ఆమె చేయి వణకుట సహజమే.

క్రెడిట్టు అను మాట మన గృహస్థులకు క్రొత్తది కాదు. ఎరువుల కొట్టులో ఖాతా గల ప్రతి రైతు నెరుగును. అచ్చట దాని యర్థము అరువు. విశ్వవిద్యాలయపు క్రెడిట్టు ఇందుకు విపర్యయము. కొట్టులో సరుకు ముందు, సొమ్ము తరువాత. కళాశాలలో కాలమును ముందుగా చెల్లింపవలెను. పిమ్మటనే ఖాతాలో జమపడును. ఒక సెమిస్టరు పొడవున వారమునకు గంట చొప్పున పాఠము వినిన నొక క్రెడిట్టు. ప్రయోగశాలలో చేయు పనియైనచో వారమునకు రెండు గంటలకు ఒకటి. ఇంటివద్ద చదువుకొను కాలమును గూడ కలిపి, 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ల విధానము సంవత్సరమునకు 40 క్రెడిట్లకు 1200 గంటల శ్రమ నిర్ణయించినది. అనగా క్రెడిట్టునకు 30 గంటలు.

ఈ కొలత పుట్టుక విచిత్రమైనది. 1905లో ఆండ్రూ కార్నెగీ యను అమెరికా ధనికుడు కళాశాలాచార్యులకు వార్ధక్యమున పింఛను లిచ్చుటకై కోటి డాలర్ల నిధి నేర్పరచెను. ఏ కళాశాల యా నిధి కర్హమో తేల్చుటకు కొలబద్ద యొకటి కావలసివచ్చెను. అందుకై కళాశాలలో చేరగోరు విద్యార్థి ఉన్నత పాఠశాలలో నెన్ని విషయములు చదివి వచ్చెనో లెక్కింపవలెననిరి. ఒక విషయమును ఏడాది పొడవున సుమారు 120 గంటలు చదివిన నొక యూనిట్టని నిర్ణయించిరి. గంటలను బట్టి చదువును లెక్కించు నీ యలవాటు క్రమముగా కళాశాలలలో స్థిరపడి, ఇప్పుడు మన జిల్లా కళాశాల వరకు వచ్చినది. గురువుల పింఛను వ్యవహారమున బలపడిన లెక్క శిష్యుల జ్ఞానమును తూచునని యాశించుట తగదు. కుంచము ధాన్యమెంతయో చెప్పును. అన్నము రుచి చెప్పదు. ఐనను కుంచము లేకుండ సంతలో వ్యవహారము సాగదు గనుక, దాని నుపయోగించుట నేర్వవలసినదే.

మన దేశమున పట్టభద్రుల కిచ్చు ఉపాధ్యాయ శిక్షణ చిరకాలము ఒక్క యేటి చదువుగనే నడచినది. మద్రాసు విశ్వవిద్యాలయమువారి యెల్.టి. శిక్షణ మన ప్రాంతపు పాతతరము పంతుళ్లకు సుపరిచితము. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు సైతము 1910లో మద్రాసు నగరమున సైదాపేట కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందినవారే. 1948-49 సంవత్సరములలో విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు ఆయన యధ్యక్షులైనపుడు, ఆ సంఘపు నివేదిక శిక్షణ కళాశాలలలో బోధనాభ్యాసమునకు ఎక్కువ కాలమును, పరీక్షలో దానికి ఎక్కువ విలువను ఈయవలెనని చెప్పినది. ఆ మాట ఆచరణలోనికి వచ్చుటకు చాలకాలము పట్టినది. 2012లో జస్టిస్ వర్మ సంఘము ఉపాధ్యాయ విద్యలోని లోపములను బయటపెట్టినది. 2014 నాటి నిబంధనలననుసరించి 2015 నుండి బి.యెడ్. రెండేండ్ల చదువైనది, ఏటికి 200 పనిదినములు, మొత్తముమీద 20 వారములు పాఠశాలానుభవము విధించిరి.

ఇంటర్మీడియెటు ముగించినవారు నేరుగా చేరదగిన నాలుగేండ్ల సమీకృత విద్యను 2021లో ప్రకటించి 2023లో కొన్ని సంస్థలయందు ప్రారంభించిరి. అందు మొత్తము 160 క్రెడిట్లు. 64 శాస్త్ర విషయములకు, 30 విద్యామూలములకు, 28 భాషాది సామర్థ్యములకు, 16 బోధనాపద్ధతులకు, 20 పాఠశాలానుభవమునకు, 2 సమాజ సేవకు. బడిలో గడపుటకు దొరకినది ఎనిమిదింట నొక పాలు మాత్రమే యని చదువరులు గమనింతురు గాక. రెండేండ్ల బి.యెడ్.లోనైతే ఎన్నిక మరింత స్వల్పము. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి వారి ప్రణాళికలో బోధనా విషయమును విడచినచో, విద్యార్థిని తన యిచ్చవచ్చినట్లు ఎన్నుకొనదగిన పాఠ్యమొక్కటియే. అదియు అర్ధపాఠ్యముగనే పరిగణింపబడును. ఆరోగ్య, వ్యాయామ విద్య, శాంతి విద్య, మార్గదర్శనము, పరిసరముల విద్య, వృత్తి విద్య మున్నగునవి అందు సూచింపబడినవి.

“అరపాఠమునకై యింత వ్యాసమా?” యని కొందరడుగవచ్చును. అరయెకరము గల రైతు పదియెకరములవానికంటె నెక్కువ జాగ్రత్తగా పైరు నెన్నుకొనును. దొరకిన స్వాతంత్ర్యము స్వల్పమైనచో దానిని సద్వినియోగము చేయుట మరింత యావశ్యకము.

ఇప్పుడు మేమెరిగిన యొక బాలిక సంగతి చెప్పెదము. ఆమె తండ్రి పత్తి, మిరప పండించు చిన్న రైతు. ఆమె వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనశాస్త్రము చదివి పట్టము పొందినది. తండ్రి మాతో, “మార్కులు ఎందులో వస్తాయో అదే పెట్టమనండి, బావగారూ, చదువు ఏదైనా చదువే గదా” అనెను. ఆమె స్నేహితురాండ్రు, “అందరం ఒకటే పెట్టుకుందామే, ఒక్క నోట్సు సరిపోతుంది” అనిరి. ఇద్దరి మాటలోను లోకానుభవము లేకపోలేదు. కాని విచారించి చూడగా రెండును నిలువలేదు.

మార్కుల సంగతి మొదట చూతము. 2025లో మన రాష్ట్రమున 16,347 ఉపాధ్యాయ పదవులకు డీఎస్సీ ప్రకటన వెలువడినది. ఆ యెన్నికలో వ్రాతపరీక్షకు 80 పాళ్లు, టెట్ పరీక్షకు 20 పాళ్లు. బి.యెడ్.లో వచ్చిన మార్కులకు అందు పాలు లేదు. ఇక తేలికపాఠము చదివి సంపాదించిన పది మార్కులు ఎవరికొరకు? మరియొక ముఖ్యవిషయము: స్కూల్ అసిస్టెంటు పదవికి పట్టములో చదివిన శాస్త్రమును, బి.యెడ్.లోని బోధనావిషయమును ఆ పదవికి తగినవై యుండవలెను. ఈ రెంటికిని పొత్తు కుదరకున్న, పట్టములు రెండు గోడకు వ్రేలాడగట్టుకొనియు అర్హత లేనివారగుదురు. కనుక చేరుటకు ముందే, తాము కోరు పదవి ప్రకటనను తెప్పించుకొని యక్షరమక్షరము చదువుకొనుడని మేము చెప్పుచుందుము. ఉద్యోగమును గూర్చి యోచించుట విద్యకు మైల యని తలచువారితో మేమేకీభవింపము. ఆడుబిడ్డకు స్వంత జీతము స్వంత మాటను ఇచ్చును. ఆ బాలిక జీవశాస్త్ర బోధనను తీసికొనుట అందువలన న్యాయమైనది. ఆమె ప్రీతియు దానియందే యుండెను.

మిగిలినది అరపాఠము. ఆమె మా గృహిణితో, “అత్తయ్యా, నేను రేపు ఏ ఊళ్లో చెబుతానో నాకే తెలియదు, ఇప్పుడు ఏది ఎంచుకోను?” అనినది. మా గృహిణి, “ఎక్కడ చెబుతావో తెలియకపోతే ఎవరికి చెబుతావో చూసుకో” అనినది. ఈ మాట మాకు చాల నచ్చినది. మా ప్రక్కననే యున్న ఎ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండవ్యాధి యేండ్ల తరబడి కుటుంబములను పీడించుచున్నది. పదవ తరగతిలో విసర్జన వ్యవస్థ పాఠము కలదు. నల్లబల్లపై మూత్రపిండము బొమ్మ గీచి, భాగములకు పేర్లు వ్రాయించి, “పరీక్షలో తప్పక వచ్చును” అని ముగించుట ఏ ఉపాధ్యాయినికైనను సాధ్యమే. కాని యా తరగతిలో, డయాలిసిస్ చేయించుకొని వచ్చి మంచము పట్టిన తండ్రిని ఇంట విడిచి వచ్చిన పిల్లవాడున్నచో, వాని కన్నులవంక చూచి యా పాఠము చెప్పుట యెట్లు? వాడు అడుగు ప్రశ్నకు ఏమి చెప్పవలెను, ఏమి చెప్పరాదు? ఇది నేర్చుకొనవలసిన విద్య. ఆ బాలిక ఆలోచించి ఆరోగ్యవిద్యను కోరుకొన్నది.

ఇంకొక సంగతి. తండా పిల్లల యింటిభాష లంబాడీ. బడిలో వారు తెలుగునో ఇంగ్లీషునో వినుచు రెండు మెట్లు దాటి పాఠమునకు రావలసియున్నది. “విషయబోధనలో భాష” అను అర్ధపాఠ్యము బి.యెడ్.లో నందరికిని విధిగా నున్నది. కాని యరపాఠమే గదా యని దానిని పరీక్ష ముందరి రాత్రికి విడచిపెట్టు విద్యార్థులు పలువురు. విధిగా చదువవలసిన దానిలో గూడ మన యెన్నిక కలదు: దానికి మన మనస్సులో నెంత చోటిచ్చుట యనునది. పట్టికలో క్రెడిట్లు తక్కువ యున్నంతమాత్రమున తరగతిలో దాని యవసరము తక్కువ కాదు.

ఆమె చేరిన కళాశాల పేరు చెప్ప నవసరములేదు. అచ్చట పట్టికలో నైదు పాఠ్యములున్నను చెప్పువా రొక్కరే యగుటచే, “అందరికీ ఒకటే” యనిరి. కాగితముపై నెన్నిక, తరగతిలో నిర్బంధము. ఆమె మరి ఆరుగురిని కూడగట్టుకొని అర్జీ వ్రాసి యిచ్చెను. “ఈ యేడు కుదరదు, చూతము” అని ప్రత్యుత్తరము వచ్చెను. ఆమె యంతటితో నూరకుండలేదు. పాఠ్యము నెన్నుకొను నధికారము పోయినను, అభ్యాసమునకు ఏ బడికి పోవలెను, ఏ విషయముపై ప్రాజెక్టు వ్రాయవలెను అను ఎన్నికలు ఆమె చేతిలోనే మిగిలెను. బస్సు సౌకర్యము గల బడిని విడచి, తండాపిల్లలు వచ్చు ఉన్నతపాఠశాలను కోరుకొన్నది. పిల్లలు త్రాగునీటిని గూర్చి యేమి యెరుగుదురు, ఏమి నమ్ముదురు అను దానిపై ప్రాజెక్టు వ్రాసినది. ఇది మా దృష్టిలో నా యైదు పాఠ్యములలో దేనికిని తీసిపోదు.

ఇక్కడివరకు బాలిక చేయగలిగినది చెప్పితిమి. ఇక నింటివారు చేయవలసినదానికి వత్తము. ఈ వ్యాసమునకు ప్రాణమైనది ఇదియే. క్రెడిట్టునకు 30 గంటల చొప్పున సెమిస్టరునకు 20 క్రెడిట్లైనచో 600 గంటలు. పదునైదు వారములకు పంచగా వారమునకు 40 గంటలు. తిరువూరు నుండి విజయవాడకు పోయి వచ్చుటకు దినమునకు నాలుగు గంటలు. ఆరు దినములకు 24. ఇంటి పనికి రోజునకు మూడు గంటల చొప్పున వారమునకు 21. నిద్రకు 56. మొత్తము 141. వారమున గల 168 గంటలలో మిగిలినవి 27. స్నానపానములు, భోజనము, బస్సునకై నిరీక్షణ, జబ్బు, పండుగ, చుట్టము, అన్నియు నీ యిరువదియేడింటిలోనే. క్రెడిట్టును రూపొందించిన పెద్దలు విద్యార్థికి మిగిలిన కాలమంతయు స్వంతమని తలచిరి. వారి యూహలోని విద్యార్థికి బిందె లేదు, పొయ్యి లేదు, తమ్ముని మధ్యాహ్నపు డబ్బా లేదు. బస్సులో గడపిన గంటలకు క్రెడిట్టు లేదు. అంట్లు తోమిన గంటలకు అసలే లేదు.

ఈ లెక్కను మేమొక కాగితముపై వ్రాసి యా బాలిక తల్లికి చూపితిమి. ఆమె చూచి, కొంత సేపు మాటాడక, “మా అబ్బాయికి ఈ లెక్కలో ఇరవై యొకటి లేదు గదా” అనినది. ఆ మరుదినము నుండి సాయంకాలపు వంట తల్లియు, నీళ్లు, అంట్లు కుమారుడును చూచుకొనునట్లు ఏర్పాటైనది. వాడు మొదట గొణిగెను, తరువాత నలవడెను. ఆ యిరువదియొక్క గంటలు తిరిగి వచ్చిన పిమ్మట బాలికకు మిగులు గంటలు 48. ఏ విశ్వవిద్యాలయమును ఈయజాలని బహుమానము నా యిల్లు ఆమెకిచ్చినది. ఆడుబిడ్డను చదివించుచున్నామని గర్వించు గృహస్థులు, ఫీజు కట్టిన రసీదుతో పాటు ఈ గంటల లెక్కను గూడ చూపగలుగవలెను.

దీనికి వ్యతిరేకమైన దోషమొకటి కలదు. మాకు దగ్గరి బంధువుల కుమారుడొకడు మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థలో చేరెను. ఆ సంస్థ 1963లో నేర్పడి, దక్షిణ రాష్ట్రముల విద్యార్థులకు నాలుగేండ్ల సమీకృత ఉపాధ్యాయవిద్య నేర్పుచు వచ్చినది. అతనికి జ్ఞానతృష్ణ మెండు. విధించిన పాఠ్యములు చాలవని, ఆన్‌లైనులో దొరకు పాఠ్యములు మరి మూడింటిలో పేరు వ్రాయించుకొనెను. రెండు నెలలకు దేనిలోను స్థిరముగా నిలువజాలక కృశించెను. దుప్పటి యున్నంతవరకే కాళ్లు చాచుకొనవలెనను సామెత చదువునకును వర్తించును. 2021 నాటి యూజీసీ నిబంధనలు సెమిస్టరులోని పాఠ్యములలో నూటికి 40 వరకు స్వయం ద్వారా చదువుటకు వీలు కల్పించినవి. ఊరివద్ద దొరకని పాఠ్యమునకు నిది మంచి సాధనమే. కాని తన విశ్వవిద్యాలయము దానిని జమ చేసికొనునో లేదో ముందుగా వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. దానికై తన వారములో గంటలున్నవో లేవో అంతకంటె ముందుగా చూచుకొనవలెను.

పరిమితి యనునది శత్రువు కాదని మా యభిప్రాయము. నలువదియైదు నిమిషముల పీరియడులో ఉపాధ్యాయిని తానెరిగినదంతయు చెప్పజాలదు. ఏది చెప్పవలెను, ఏది రేపటికి విడువవలెను, ఏది పిల్లలే కనుగొనునట్లు మౌనము వహింపవలెను అని ఆమె దినమునకు నైదారు సారులు ఎన్నుకొనవలసియుండును. క్రెడిట్ల హద్దులో పాఠ్యము లేరుకొనుట యా పనికి మొదటి యభ్యాసము. తనకై తాను ఎన్నుకొననివారు పిల్లలకు ఎన్నుకొనుట నేర్పజాలరు.

ఎన్నుకొన్న గంటలను నిజముగా గడపవలెననుట వేరుగ చెప్పబనిలేదు గాని, చెప్పకయు తీరదు. బడికి పోకయే అభ్యాసపు వారములు నిండినట్లు సంతకములు చేయించుకొను దురాచారము మన ప్రాంతమున లేదని యెవరును ఒట్టు పెట్టుకొనజాలరు. అట్టి క్రెడిట్టు ఎరువుల కొట్టులోని యరువు వంటిదే. తీసికొన్నవారు తీర్పకున్న, తరువాత తరగతిలో గూర్చున్న పసివారు వడ్డీతో తీర్పవలసివచ్చును.

కావున సోదరులారా, సోదరీమణులారా, మీ యింట ఉపాధ్యాయ విద్యకు పోవు బిడ్డ యున్నచో, దరఖాస్తునకు ముందు వారము దినములు ఆమెకు వదలుడు. పదవి ప్రకటన, విశ్వవిద్యాలయపు పాఠ్యప్రణాళిక, వారపు గంటల లెక్క అను మూడు కాగితములను ఆమె ముందుంచుడు. సలహా యీయుడు, గుర్తు మాత్రము ఆమెనే పెట్టనీయుడు. ఆమె గుర్తుపెట్టిన పాఠ్యము మీకు రుచింపకున్నను, దానిని చదువుటకు కావలసిన గంటలను ఇంటిపని నుండి తీసి యిండు. మా వీథి బాలిక యిపుడు డీఎస్సీకి చదువుచున్నది. ఆమె యిచ్చిన యర్జీ మాత్రము కళాశాల బల్లపై నింకను “చూతము” అను మాటతోనే యున్నది; తరువాతి తరగతివారు దానిని మరల వ్రాసి యీయనున్నారని వింటిమి.